చిన్న ఆఫీసులో నెట్‌వర్క్ వేసుకోవడం ఎలా: ముందు కాగితం, తర్వాత కేబుల్

ఆఫీసులో నెట్‌వర్క్ అనగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ఏ రౌటర్ కొనాలి అని. నేను మాత్రం ముందు ఒక తెల్ల కాగితం, పెన్సిల్, కొలతల టేపు తెచ్చుకోమంటాను. రౌటర్ నచ్చకపోతే గంటలో మార్చేయొచ్చు. గోడలోంచో సీలింగ్ పైనుంచో లాగిన కేబుల్‌ని అలా మార్చలేం. ఆఫీసు నడుస్తుండగా టేబుళ్లు జరిపి, గోడ మళ్లీ కొట్టి, అందరి పనీ ఆపాల్సి వస్తుంది. అందుకే మీ శ్రద్ధలో ఎక్కువ భాగం కాగితం మీదా కేబుల్ మీదా పెట్టండి.

ఐదుగురి నుంచి పాతికమంది దాకా పనిచేసే ఆఫీసును దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. లెక్కలు తేలిగ్గా ఉండటానికి పదిమంది ఉన్న ఆఫీసును ఉదాహరణగా తీసుకుందాం. పది కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, నాలుగు కెమెరాలు, అందరూ వాడుకునే ఫైళ్లు దాచడానికి ఒక నాస్ పెట్టె.

1. గీయండి, లెక్కపెట్టండి

ఆఫీసు ప్లాను గీయండి. అందంగా ఉండక్కర్లేదు, కొలతలు సరిగ్గా ఉంటే చాలు. గోడలు, తలుపులు, కరెంటు బోర్డులు, ఇంటర్నెట్ లైను లోపలికి వచ్చే చోటు గుర్తించండి. తర్వాత ఒక్కో టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు ఏం పని చేస్తారో పక్కనే రాయండి. అకౌంట్స్ చూసేవాళ్లు రోజంతా ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉంటారు, వాళ్లకు వేగం కంటే కనెక్షన్ తెగకపోవడం ముఖ్యం. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు పదుల గిగాబైట్ల ఫైళ్లు నాస్‌కీ కంప్యూటర్‌కీ మధ్య తిప్పుతారు, వాళ్లకు వేగమే ప్రాణం. రిసెప్షన్‌లో మెయిల్, ప్రింటర్ నడిస్తే సరిపోతుంది.

నేను పాటించే పద్ధతి ఒకటే: కదలని వస్తువుకు కేబుల్, కదిలే వస్తువుకు వైఫై. డెస్క్‌టాప్, ప్రింటర్, కెమెరా, నాస్ కదలవు. ల్యాప్‌టాప్, ఫోన్ కదులుతాయి. అంతా వైఫై మీదే నడిపిస్తే కేబుల్ ఖర్చు మిగులుతుంది కదా అనే మాట చాలాసార్లు విన్నాను. వైఫైలో గాలి అందరికీ ఉమ్మడి. ఒకరు పెద్ద ఫైలు పంపుతుంటే మిగతావాళ్లు ఆ మేరకు వంతు కోసం ఆగాల్సిందే. పక్క ఆఫీసు వైఫై కూడా అదే గాలిలో ఉంటుంది. కేబుల్ మీద ఉన్న కంప్యూటర్‌కు స్విచ్ (కేబుళ్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపే పెట్టె) దాకా తన దారి తనది.

ఇప్పుడు పాయింట్లు, అంటే కేబుల్ వచ్చి చేరే చోట్లు, లెక్కపెట్టండి. ఒక్కో టేబుల్‌కు రెండు పాయింట్లు పెట్టుకోండి. ఒకటి ఇప్పటి కంప్యూటర్‌కు, రెండోది రేపు వచ్చే ఫోన్‌కో, మొదటిది పాడైన రోజుకో. కేబుల్ లాగే రోజు రెండో కేబుల్ కూడా కలిపి లాగితే పెద్దగా అదనపు కష్టం ఉండదు. ఏడాది తర్వాత ఆ ఒక్కటి లాగాలంటే మాత్రం పని మొదటి నుంచీ మొదలవుతుంది. మన ఉదాహరణలో టేబుళ్లకు 20, ప్రింటర్లకు 2, కెమెరాలకు 4, వైఫై ఏక్సెస్ పాయింట్లకు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) 2. మొత్తం 28 కేబుళ్లు.

2. అన్నీ కలిసే చోటు

కేబుళ్లన్నీ వచ్చి చేరే చోటు ఒకటి ఉండాలి. అక్కడే గోడకు బిగించే చిన్న ర్యాక్ (పరికరాలు అమర్చే అల్మారా) పెడతాం. ఆఫీసుకు నడిమధ్యలో ఉంటే కేబుళ్ల పొడవు తగ్గుతుంది కానీ, అంతకన్నా చూడాల్సినవి ఉన్నాయి. గాలి ఆడాలి, తలుపుకు తాళం ఉండాలి, పైన నీటి పైపు పోకూడదు. పాత ఫైళ్లు, చీపుళ్లు పెట్టే గదిలో ర్యాక్ పెట్టడం చూస్తుంటాను. అక్కడ దుమ్ము, వేడి రెండూ కలిసి పరికరాల ఆయుష్షు తినేస్తాయి. ఎవరో ఒకరు వచ్చి ప్లగ్గు పీకి వేరేదేదో పెట్టే ప్రమాదం కూడా ఉంది.

రాగి నెట్‌వర్క్ కేబుల్ మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. గోడలో స్థిరంగా ఉండే భాగానికి 90 మీటర్లు, రెండు కొసల్లో పరికరాలకు కలపడానికి వాడే పొట్టి కేబుళ్లకు, అంటే ప్యాచ్ కార్డులకు, కలిపి 10 మీటర్లు అని లెక్క వేసుకోండి. చిన్న ఆఫీసులో ఇది దాటడం అరుదు. మీ ఆఫీసు రెండు వేరువేరు భవనాల్లో ఉంటే మాత్రం వాటి మధ్య రాగి కేబుల్ లాగకండి. పిడుగు పడినప్పుడు, రెండు భవనాల ఎర్తింగ్ మధ్య తేడా వచ్చినప్పుడు ఆ తీగ గుండా వచ్చే వోల్టేజి రెండు వైపులా పరికరాలను కాల్చేస్తుంది. అక్కడ ఫైబర్ వేయండి. గాజుతీగలో కరెంటు పారదు.

3. కేబుల్

నెట్‌వర్క్ కేబుల్ రకాల్లో క్యాట్‌6 తీసుకోండి. క్యాట్‌5ఈ కూడా 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ మోయగలదు, కాబట్టి పాత ఆఫీసులో అది ఇప్పటికే ఉంటే పీకేయక్కర్లేదు. కొత్తగా లాగేటప్పుడు మాత్రం క్యాట్‌6 మేలు, ఎందుకంటే అనుకూలమైన చోట దాదాపు 55 మీటర్ల దాకా 10 గిగాబిట్లు కూడా మోస్తుంది. వంద మీటర్ల నిడివికీ 10 గిగాబిట్లు కావాలంటే క్యాట్‌6ఏ ఉంది. అది లావుగా, బిరుసుగా ఉంటుంది, వంచడం కష్టం. చిన్న ఆఫీసుకు సాధారణంగా అవసరం పడదు.

కేబుల్ రకం కంటే ముందు చూడాల్సింది లోపలి తీగ. పూర్తి రాగి అయి ఉండాలి. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసిన కేబుళ్లు మార్కెట్లో దొరుకుతాయి. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. పెట్టె మీద సీసీఏ అని ఉంటే అదే ఇది. అల్యూమినియంకు నిరోధం ఎక్కువ, వంచితే తొందరగా విరుగుతుంది, కేబుల్ గుండా కరెంటు పంపే పీవోఈ వాడితే వేడెక్కుతుంది. అనుమానం వస్తే ఒక తీగ కొస చాకుతో గీకి చూడండి. లోపల వెండి రంగు కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దని గట్టిగా చెబుతాను.

కేబుల్ లాగేటప్పుడు కరెంటు వైర్లున్న పైపులోనే దీన్నీ దూర్చకండి, వేరే పైపు వేయించండి. రెండూ ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటనివ్వండి. గట్టిగా మడవకండి. మలుపు దగ్గర వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి కనీసం నాలుగు రెట్లుండాలి. కట్టలు కట్టడానికి బిగుసుకుపోయే ప్లాస్టిక్ ట్యాగులకు బదులు వెల్‌క్రో పట్టీలు వాడండి. రెండు కొసల్లోనూ చేతి పొడవుకు మించి కేబుల్ మిగల్చండి. జాక్ పాడైతే కోసి మళ్లీ వేయడానికి ఆ మిగులే దిక్కు.

గోడలోంచి వచ్చిన కేబుల్‌కు నేరుగా ప్లగ్గు కొట్టి కంప్యూటర్‌కు గుచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. అలా చేయకండి. గోడలో వాడే కేబుల్ లోపల ఒకే గట్టి తీగ ఉంటుంది, మాటిమాటికీ కదిలిస్తే విరుగుతుంది. టేబుల్ వైపు ఫేస్‌ప్లేట్‌లో జాక్, ర్యాక్ వైపు ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్లన్నీ వచ్చి ఆగే జాక్‌ల పలక) పెట్టి, అక్కడి నుంచి సన్న పోగులతో చేసిన మెత్తటి ప్యాచ్ కార్డులు వాడండి. మన 28 కేబుళ్లకు 24 పోర్టుల (కేబుల్ గుచ్చే రంధ్రాల) ప్యానెళ్లు రెండు పడతాయి.

జాక్‌లో తీగలు కూర్చేటప్పుడు రెండు కొసల్లోనూ ఒకే వరస పాటించాలి. ఎక్కువగా వాడే 568బీ వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జంట తీగల మెలిక వృథాగా లేదు, పక్క జంట నుంచి వచ్చే రొదను అదే ఆపుతుంది. కాబట్టి కొసలో 13 మిల్లీమీటర్లకు మించి మెలిక విప్పకండి.

ప్రతి కేబుల్‌కూ రెండు కొసల్లోనూ ఒకే నంబరు రాసిన లేబుల్ అంటించండి. కేబుల్ లాగిన వెంటనే, అక్కడికక్కడే. తర్వాత అంటిద్దాం అనుకున్న లేబుల్ ఎప్పటికీ పడదు. అదే నంబరు ఫేస్‌ప్లేట్ మీద, ప్యాచ్ ప్యానెల్ మీద, మీ కాగితం మీద ఉండాలి.

4. ఇప్పుడు పెట్టెలు కొనండి

మీకు కావలసినవి మూడే: రౌటర్, స్విచ్, వైఫై ఏక్సెస్ పాయింట్లు. ఇంట్లో ఈ మూడూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఆఫీసులో విడివిడిగా ఉండటమే మంచిది. రౌటర్‌కు ర్యాక్‌లో చోటు కావాలి, వైఫైకి మనుషుల తల మీద సీలింగ్‌లో చోటు కావాలి. ఒకే పెట్టె రెండు చోట్లా ఉండలేదు.

స్విచ్‌కు ఎన్ని పోర్టులు కావాలి? కేబుళ్లు 28 ఉన్నాయని 48 పోర్టుల స్విచ్ కొనక్కర్లేదు. వాడుకలో ఉన్నవాటినే స్విచ్‌కు కలపాలి. మన ఉదాహరణలో కంప్యూటర్లు 10, ప్రింటర్లు 2, కెమెరాలు 4, ఏక్సెస్ పాయింట్లు 2, ర్యాక్‌లోనే ఉండే నాస్ 1, రౌటర్ 1. మొత్తం 20. 24 పోర్టుల గిగాబిట్ స్విచ్‌లో ఇంకా నాలుగు మిగులుతాయి. వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో వేరువేరు నెట్‌వర్క్‌లు) పెట్టుకునే వీలున్న, సెట్టింగులు మార్చుకోగలిగే మేనేజ్డ్ స్విచ్ తీసుకోండి, ఎందుకో కింద చెబుతాను.

కెమెరాలకు, ఏక్సెస్ పాయింట్లకు విడిగా కరెంటు పాయింట్లు పెట్టే బదులు పీవోఈ స్విచ్ తీసుకుంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు వెళుతుంది. ఇక్కడ రెండు లెక్కలు చూడాలి. ఒకటి, ఒక్కో పోర్టు ఎంత ఇవ్వగలదన్నది. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం పోర్టుకు 15.4 వాట్లు, 2009 నాటి 802.3ఏటీ 30 వాట్లు ఇస్తాయి. రెండోది, స్విచ్ మొత్తం మీద ఎంత ఇవ్వగలదన్నది. కెమెరాకు 8 వాట్లు, ఏక్సెస్ పాయింట్‌కు 18 వాట్లు కావాలని వాటి డేటాషీట్‌లో ఉందనుకోండి. 4×8, 2×18 కలిపితే 68 వాట్లు. 18 వాట్లు కావాలి కాబట్టి 802.3ఏటీ తప్పనిసరి. మొత్తం బడ్జెట్ 100 వాట్లకు పైన ఉంటే రేపు రెండు కెమెరాలు చేరినా ఇబ్బంది రాదు. పోర్టులన్నిటికీ పీవోఈ ఉంది కానీ మొత్తం బడ్జెట్ 60 వాట్లే అన్న స్విచ్ కొంటే, చివరగా గుచ్చిన కెమెరా వెలగదు. అప్పుడు తప్పు కెమెరాదని అనుకుని దాన్ని మారుస్తూ కూర్చుంటాం.

వీటన్నిటికీ ఒక యూపీఎస్. ర్యాక్‌లోని పరికరాలు తీసుకునే వాట్లు కూడండి. యూపీఎస్ మీద పెద్దగా కనిపించే వీఏ అంకె కాకుండా వాట్ల అంకెతో పోల్చుకోండి, అది సాధారణంగా తక్కువే ఉంటుంది.

5. అడ్రసుల ప్లాను

నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఒక అంకెల అడ్రసు (ఐపీ అడ్రసు) ఉంటుంది. ఇదీ కాగితం మీదే మొదలవ్వాలి. లోపలి నెట్‌వర్క్‌లకు మూడు శ్రేణులు కేటాయించి ఉన్నాయి: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. చాలామంది రౌటర్‌లో వచ్చిన 192.168.0 లేదా 192.168.1 అలాగే ఉంచేస్తారు. ఉంచకండి. మీ ఉద్యోగుల ఇళ్లలోనూ చాలావరకు అవే ఉంటాయి. రేపు ఇంటి నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారి) పెట్టుకుని ఆఫీసు ప్రింటర్‌కు పంపితే, ఆ అడ్రసు ఇంట్లోనిదా ఆఫీసులోదా అని కంప్యూటర్ తికమక పడుతుంది. ఎవరూ వాడని అంకె ఎంచుకోండి. నేనిలా పెడతాను:

- ఆఫీసు కంప్యూటర్లు, ప్రింటర్లు, నాస్: 10.27.10.0, వీలాన్ 10
- బయటివాళ్ల వైఫై: 10.27.20.0, వీలాన్ 20
- కెమెరాలు: 10.27.30.0, వీలాన్ 30

మూడింటికీ మాస్క్ (శ్రేణి ఎంత పెద్దదో చెప్పే అంకె) 255.255.255.0. ఒక్కోదానిలో 254 అడ్రసులు వాడుకోవచ్చు. వీలాన్ నంబరు, అడ్రసులోని మూడో అంకె ఒకటే కావడం వల్ల అడ్రసు చూడగానే పరికరం ఎక్కడిదో తెలిసిపోతుంది.

వీలాన్ అంటే ఒకే స్విచ్‌లో గోడలు కట్టి వేరువేరు గదులు చేయడం. బయటివాళ్ల ఫోన్ మీ నాస్‌ను చూడకూడదు. కెమెరాలకైతే ఇంటర్నెట్‌కు వెళ్లే దారి కూడా మూసేయండి. వాటి సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు ఆగిపోయినా అవి ఏళ్ల తరబడి గోడ మీదే ఉంటాయి, లోపలికి చొరబడేవాళ్లకు అదే తేలికైన తలుపు. ఒకటి గుర్తుంచుకోండి. వీలాన్‌లు పెట్టినంత మాత్రాన సరిపోదు. వాటి మధ్య రాకపోకలను ఆపే నియమాలు రౌటర్ ఫైర్‌వాల్‌లో రాయాలి. చాలా రౌటర్లు మొదట్లో అన్ని వీలాన్‌లనూ ఒకదానితో ఒకటి మాట్లాడనిస్తాయి.

ఆఫీసు శ్రేణి లోపల కూడా వరస పెట్టుకోండి. 1 రౌటర్‌కు, 2 నుంచి 19 స్విచ్‌లకూ ఏక్సెస్ పాయింట్లకూ, 20 నుంచి 49 ప్రింటర్లకూ నాస్‌కూ. 100 నుంచి 220 వరకు డీహెచ్‌సీపీకి, అంటే రౌటర్‌లో అడ్రసులు పంచే సేవకు, వదిలేయండి, కంప్యూటర్లకు అదే పంచుతుంది. ప్రింటర్‌లో చేత్తో అడ్రసు టైపు చేసే కంటే, రౌటర్‌లో దాని మ్యాక్ అడ్రసుకు (తయారీలోనే పడే గుర్తింపు నంబరు) ఒక అడ్రసు రిజర్వ్ చేయండి. అడ్రసులన్నీ ఒకేచోట కనిపిస్తాయి, ప్రింటర్‌ను రీసెట్ చేసినా పాత అడ్రసే వస్తుంది.

6. రౌటర్, వైఫై సెట్ చేయడం

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె కూడా తరచూ రౌటరే. దాని వెనక మీ రౌటర్ పెడితే అడ్రసుల మార్పిడి రెండుసార్లు జరిగి వీపీఎన్, కాల్స్ సతాయిస్తాయి. ఆ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి లైను మాత్రం దాటించేలా, పెట్టమని కంపెనీవాళ్లను అడగండి.

కొత్త రౌటర్ పెట్టగానే చేయాల్సినవి: అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయడం, ఇంటర్నెట్ వైపు నుంచి అడ్మిన్ పేజీ తెరుచుకోకుండా ఆపడం. ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్ వాడాలని రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 (ఇక్కడ పోర్టు అంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు కేటాయించిన నంబరు) బయటికి తెరవమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. తెరిచిన పోర్టులను వెతుకుతూ తిరిగే ప్రోగ్రాములు ఎప్పుడూ ఉంటాయి. దానికి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ వాడండి.

ఏక్సెస్ పాయింట్లను సీలింగ్‌కు బిగించండి, ర్యాక్ లోపల కాదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. మీ రెండింటికీ వీటిలో వేరువేరు ఇవ్వండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. ల్యాప్‌టాప్‌లను వీలైనంతవరకు 5 గిగాహెర్ట్జ్ మీదికి మళ్లించండి. పవర్ గరిష్ఠంగా పెడితే సిగ్నల్ బాగుంటుందనుకోవడం పొరపాటు. ఏక్సెస్ పాయింట్ మాట ఫోన్‌కు వినిపిస్తుంది, ఫోన్ మాట దానికి వినిపించదు. పైగా పక్క గదిలోకి వెళ్లినా ఫోన్ దూరంగా ఉన్న పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. మధ్యస్థంగా పెట్టి, ఆఫీసంతా నడిచి చూసి సర్దండి. పాస్‌వర్డ్ రక్షణ డబ్ల్యూపీఏ3, పాత పరికరాలుంటే డబ్ల్యూపీఏ2. బటన్ నొక్కి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి.

7. స్విచ్‌లో మరిచిపోకూడని రెండు రక్షణలు

నేను చూసుకునే ఒక ఆఫీసులో ఒకరోజు ఉదయం నెట్‌వర్క్ మొత్తం ఆగిపోయింది. ఇంటర్నెట్ మాత్రమే కాదు, పక్క టేబుల్‌కు ఫైలు కూడా పోవట్లేదు. స్విచ్ లైట్లన్నీ ఆగకుండా మినుకుమినుకుమంటున్నాయి. సగం రోజు టెన్షన్ పడ్డాక దొరికింది. టేబుల్ జరిపినప్పుడు కింద వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో మంచి ఉద్దేశంతోనే పక్కనున్న ఖాళీ పాయింట్‌లో గుచ్చారు. ఆ కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌కు చేరాయి. అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ సందేశాలు ఆ చుట్టులో ఆగకుండా తిరుగుతూ లైన్లన్నిటినీ నింపేశాయి.

ఇది జరగకుండా ఆపేదే స్పానింగ్ ట్రీ. మేనేజ్డ్ స్విచ్‌లో ఉంటుంది, ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. దానితోపాటు డీహెచ్‌సీపీ స్నూపింగ్ కూడా ఆన్ చేయండి. ఎవరైనా ఇంటి నుంచి పాత రౌటర్ తెచ్చి ఆఫీసు పాయింట్‌కు కలిపితే, అది కూడా అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. సగం కంప్యూటర్లు తప్పుడు దారి పడతాయి. స్నూపింగ్ ఉంటే, నిజమైన రౌటర్ ఉన్న పోర్టు నుంచి తప్ప అడ్రసులు రావు. వాడని పాయింట్లను స్విచ్‌కు కలపకుండా వదిలేయడం కూడా ఒక రక్షణే.

8. పరీక్షించండి

మామూలు కేబుల్ టెస్టర్‌తో 28 కేబుళ్లనూ పరీక్షించండి. ఎనిమిది లైట్లూ వరసగా వెలగాలి. ఆ తర్వాత ప్రతి పాయింట్ దగ్గరికీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి లింక్ వేగం చూడండి. 1 గిగాబిట్‌కు నాలుగు జంటలూ కావాలి. ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోయినా లింక్ 100 మెగాబిట్‌లకు పడిపోవచ్చు, అంతా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. నాస్ నుంచి పెద్ద ఫైలు కాపీ చేసి చూడండి. సెకనుకు 110 మెగాబైట్ల దరిదాపుల్లో వస్తే గిగాబిట్ సరిగ్గా ఉన్నట్టు. 11 దగ్గర ఆగిపోతే ఆ పాయింట్ జాక్ విప్పి మళ్లీ కూర్చండి.

ఏదైనా కంప్యూటర్‌కు నెట్ రాకపోతే కింది నుంచి పైకి వెతకండి. కేబుల్ లైటు వెలుగుతోందా? అడ్రసు 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం, తప్పు కేబుల్‌లోనో వీలాన్‌లోనో ఉంది. అడ్రసు సరిగ్గా ఉంటే 10.27.10.1కి (రౌటర్‌కు) పింగ్ కొట్టండి, అంటే అది జవాబిస్తోందో లేదో కమాండ్‌తో చూడండి. అది వస్తే ఇంటర్నెట్‌లో ఉన్న 8.8.8.8కి. అదీ వచ్చి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, వెబ్‌సైట్ పేరును అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ చూడండి.

నాస్‌లో రెండు డిస్కులు ఒకదానికొకటి నకలుగా ఉన్నాయని బ్యాకప్ సంగతి వదిలేయకండి. డిస్కు పాడైతే అది కాపాడుతుంది. ఎవరైనా ఫోల్డర్ డిలీట్ చేస్తే మాత్రం రెండింట్లోనూ పోతుంది. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఆఫీసు బయట. నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలు నిజంగా వెనక్కి తెచ్చి తెరిచి చూడండి.

మొదటి రోజు గీసిన కాగితాన్ని శుభ్రంగా మళ్లీ గీసి, కేబుల్ నంబర్లు, అడ్రసులు, వీలాన్‌లు రాసి ఒక ప్రతి ర్యాక్ తలుపు లోపల అంటించండి. పాస్‌వర్డ్‌లు దాని మీద వద్దు. వాటిని పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టి, మీరు కాక ఇంకొకరికి కూడా అందుబాటులో ఉంచండి.

చివరగా, మనుషులు రాకముందు సెలవు రోజున ఒకసారి ర్యాక్ కరెంటు పూర్తిగా తీసేయండి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ వేయండి, చేత్తో ఏమీ ముట్టుకోకండి. రౌటర్, స్విచ్, ఏక్సెస్ పాయింట్లు, కెమెరాలు, నాస్ వాటంతట అవే లేచి రావాలి. పావుగంట తర్వాత మూలనున్న టేబుల్ దగ్గర కూర్చుని ఒక పేజీ ప్రింట్ ఇవ్వండి. అది రాకపోతే ఎక్కడ ఆగిందో వెతకడానికి ఆ రోజంతా మీకు ఉంటుంది.